ఎనిమిది బీచ్‌లు వద్దు, మూడు చాలు

ప్రశ్న: మాఘ పౌర్ణమి కలిసొచ్చేట్టు మూడు రోజులు విశాఖపట్నం పోదామనుకుంటున్నాం. మేమిద్దరం, పన్నెండేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, మా అత్తమ్మ. అత్తమ్మకు 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఇంతవరకు సముద్రం చూడలేదు. పౌర్ణమి నాడు సముద్ర స్నానం చేయాలని ఆమె కోరిక. బాబుకు సబ్‌మెరైన్, స్కూబా డైవింగ్ కావాలి. పాపకు ఇసుక ఉంటే చాలు. మా ఆయన ఫోన్లో వీడియోలు చూసి ఎనిమిది బీచ్‌ల లిస్టు రాసుకున్నారు: ఆర్కే బీచ్, లాసన్స్ బే, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, యారాడ, అప్పికొండ. యారాడలో సముద్రంలోకి సూర్యుడు దిగుతుంటే ఫోటో తీయాలట. మధ్యలో ఒక రోజు అరకు, బొర్రా గుహలు కూడా అంటున్నారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి వదిలేయాలి? పిల్లలు నీళ్ళలోకి దిగినా భయం లేని బీచ్ ఏది? అందరికీ ఏం కావాలో రాశాను గానీ, నాకేం కావాలో ఇంకా ఆలోచించలేదు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: ముందు మీ వారికి ఒక చేదు వార్త. విశాఖలో సూర్యుడు సముద్రంలోకి దిగడు. మన తీరం తూర్పు వైపు చూస్తుంది కాబట్టి ఇక్కడ పొద్దు నీళ్ళలోంచి పొడుస్తుంది, కొండల వెనక్కి కుంగుతుంది. నీళ్ళలో మునిగే సూర్యుడు కావాలంటే గోవాకో కేరళకో పోవాలి. యారాడలో సాయంత్రం అందంగానే ఉంటుంది. కానీ ఆయన అనుకుంటున్న ఫోటో మాత్రం రాదు.

అయితే మీరు ఎంచుకున్న రోజు మామూలు రోజు కాదు. పౌర్ణమి నాడు ఇటు సూర్యుడు కొండల వెనక్కి వెళ్ళే వేళకే అటు చంద్రుడు సముద్రంలోంచి పైకొస్తాడు. మొదట నీళ్ళ అంచున మసగ్గా, దానిమ్మ గింజ రంగులో ఒక ముక్క కనబడుతుంది. ఓడ దీపమేమో అనుకుంటాం. చూస్తుండగానే పళ్ళెమంత అవుతుంది. ఇంకాస్త పైకెళ్ళాక ఆ ఎరుపు పోయి, నీళ్ళ మీద మన కాళ్ళ దాకా వెండి దారి పడుతుంది. పడమటి తీరం వాళ్ళకి ఇది దొరకదు. కెమెరా దీనికి సిద్ధంగా పెట్టుకోమనండి. ఆ వేళకి తెన్నేటి పార్కులో గానీ సాగర్ నగర్ ఒడ్డున గానీ ఉండండి. తెన్నేటి పార్కు రోడ్డు పక్కనే ఉంది, కూర్చోవడానికి చోటుంది, మీ అత్తమ్మగారు ఇసుకలో నడవక్కర్లేదు. మబ్బు పడితే నా పూచీ లేదు. మాఘంలో ఆకాశం ఎక్కువగా తేటగానే ఉంటుంది లెండి.

ఇక ఆ ఎనిమిది పేర్ల సంగతి. నేను విశాఖలోనే పుట్టి పెరిగాను. చుట్టాలొచ్చినప్పుడల్లా బీచ్‌లు తిప్పడం మా ఇంట్లో నా డ్యూటీ. ఒకసారి మా పిన్ని కుటుంబం వస్తే, ఊరి పరువు నా చేతిలో ఉందన్నట్టు ఒక్క రోజులో ఏడు చోట్లకి తిప్పాను. ప్రతిచోటా అదే వరస. కారు దిగడం, చెప్పులు విప్పడం, కాళ్ళు తడుపుకోవడం, ఫోటో, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ వేట, మళ్ళీ కారు. నాలుగో బీచ్ దగ్గర పిన్ని దిగలేదు. ఆరో దాని దగ్గర పిల్లలు నిద్రపోయారు. రాత్రి ఫోటోలు చూసుకుంటే ఏది ఏ బీచో చెప్పడం నా వల్లే కాలేదు. ఆ తర్వాత నుంచి చుట్టాలకి మూడే చూపిస్తున్నాను, అందులో ఒకటి రెండుసార్లు. తెల్లవారుజామున చూసిన ఒడ్డు సాయంత్రానికి వేరే ఊరిలా ఉంటుంది.

మీ లిస్టులోంచి నేనైతే రుషికొండ, భీమిలి ఉంచుతాను. ఆర్కే బీచ్ సాయంత్రానికి మాత్రమే. యారాడని దూరం నుంచి చూసే చోటుగా ఉంచండి, నాలుగో దాని కింద లెక్క రాసుకోండి కావాలంటే. మంగమారిపేట భీమిలి దారిలోనే తగులుతుంది, దానికి విడిగా ప్లాన్ అక్కర్లేదు. సాగర్ నగర్ చంద్రోదయానికి సరిపోతుంది. లాసన్స్ బే, అప్పికొండ వదిలేయండి. అప్పికొండలో రాళ్ళు బాగుంటాయి, ఒడ్డున సోమేశ్వరుడి గుడి ఉంది. కానీ అది స్టీల్ ప్లాంట్ అవతల, పూర్తిగా వ్యతిరేక దిక్కు. దాని కోసం సగం రోజు పోతుంది.

మీ అసలు ప్రశ్న భయం లేని బీచ్ ఏదని. మొహమాటం లేకుండా చెప్తాను. విశాఖ తీరంలో పూర్తిగా భయం లేని బీచ్ లేదు. కృష్ణా, గోదావరి మట్టి మేట వేసిన చోట ఒడ్డు పల్లంగా, మెల్లగా దిగుతుంది. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో చాలా దూరం నడిచినా నీళ్ళు మోకాళ్ళ దగ్గరే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. తూర్పు కనుమల కొండలు సముద్రం దాకా వచ్చి ఆగిన తీరం ఇది. ఫోటోల్లో అంత అందంగా కనబడేది అందుకే, నాలుగడుగులు వేసేసరికి కాలి కింద నేల తప్పేదీ అందుకే. ఆర్కే బీచ్‌లో ఒడ్డు చాలాచోట్ల గట్టు కోసినట్టు నిటారుగా ఉంటుంది. హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక అటే ఆగిపోతోంది. అందుకే పోర్టు వాళ్ళు ఇసుక తవ్వి తెచ్చి ఈ ఒడ్డున పోస్తుంటారు. నిన్న చూసిన లోతు ఇవాళ ఉంటుందన్న నమ్మకం లేదు. ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకోండి, అంతకంటే లోపలికి వద్దు. యారాడలో అదీ వద్దంటాను.

ఉన్నవాటిలో పిల్లల్ని నీళ్ళలోకి దింపదగ్గది రుషికొండ. 2020లో దీనికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. డెన్మార్క్ నుంచి నడిచే ఒక సంస్థ 33 అంశాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. నీళ్ళ శుభ్రత పరీక్షించడం, స్నానానికి హద్దులు కట్టిన చోటు, కాపలాకి లైఫ్‌గార్డులు, బట్టలు మార్చుకునే గదులు, షవర్లు ఇవన్నీ అందులోకి వస్తాయి. జెండా ఉందని కెరటం మెత్తబడదు, ఆ మాట మర్చిపోవద్దు. పనికొచ్చేది ఆ హద్దు, ఆ మనిషి చేతిలో విజిల్. తాళ్ళు, తేలే బంతులు కట్టిన మేరలోనే ఉండండి. లైఫ్‌గార్డులు రాకముందు, చీకటి పడ్డాక దిగకండి. వెళ్ళగానే వాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇవాళ ఎక్కడ బాగుందండీ?" అని ఒక్క మాట అడగండి. ఎవరూ అడగరు గానీ, అడిగితే వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు.

బాబుకి ఒక సంగతి నేర్పి తీసుకురండి. ఒడ్డున నిలబడి చూస్తే కెరటాలు వరుసగా విరుగుతుంటాయి. వాటి మధ్య ఒక్కచోట మాత్రం విరగకుండా, చదునుగా, ప్రశాంతంగా ఉంటుంది. నీళ్ళు కొంచెం బురద రంగులో ఉంటాయి, నురగ లోపలి వైపు వెళుతుంటుంది. కొత్తవాళ్ళు "ఇక్కడ కెరటాలు లేవు, ఇదే మంచి చోటు" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పరుగెత్తే కాలవ అది. ఈత వచ్చినవాణ్ణయినా లాక్కుపోతుంది. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు, అలసిపోతాం. తేలుతూ ఉండాలి, చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగాలి. ఆ కాలవ వెడల్పు తక్కువే, పక్కకి వస్తే వదిలేస్తుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకుండా ఏదైనా తేలేది విసరాలి. ఖాళీ నీళ్ళ డబ్బా అయినా సరే. ఇంకొకటి, సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగకూడదు. ఈ మాట బాబు కంటే బాబు నాన్నకి ఎక్కువ అవసరమేమో.

బయల్దేరే ముందు సముద్రం ఎలా ఉందో కూడా చూసుకోవచ్చు. అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్‌లో! సముద్రం లేని ఊళ్ళో కూర్చుని దేశం మొత్తం సముద్రాన్ని కనిపెట్టుకుని ఉంటారు. వాళ్ళ వెబ్‌సైట్లో మన తీరానికి ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు స్నానం మానేయండి, గట్టున కూర్చోండి.

ఇప్పుడు మీ అత్తమ్మగారి స్నానం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టుకోకూడదని మా అమ్మమ్మ అనేది, మీ అత్తమ్మగారూ ఆ లెక్కలోనే పౌర్ణమి అడిగి ఉంటారు. చిక్కేమిటంటే పౌర్ణమికి, అమావాస్యకి పోటు ఎక్కువ. నీళ్ళు మామూలు కంటే పైకొస్తాయి, వెనక్కి పోవడమూ ఎక్కువ దూరం పోతాయి. పైగా ఆ రోజు జనం. తెల్లవారుజామున నాలుగింటికే దీపాలు పట్టుకుని వచ్చేస్తారు. చీకట్లో, తోపులాటలో మోకాళ్ళ నొప్పులున్న మనిషిని దింపకండి. ఫిబ్రవరిలో ఇక్కడ ఆరున్నరకి అటూ ఇటూగా సూర్యోదయం. వెలుగు వచ్చాక, మొదటి రద్దీ కాస్త తగ్గాక, లైఫ్‌గార్డులు ఉన్న వేళకే రుషికొండకి వెళ్ళండి. పుణ్యం తగ్గుతుందేమోనని ఆవిడ అంటే, సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వాలంటే సూర్యుడు కనబడాలి కదా అత్తమ్మా అనండి.

మా అమ్మ మోకాళ్ళు దెబ్బతిన్నాక మేం కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక పెద్ద చెంబు. కెరటం వచ్చి సన్నగా పరుచుకుని వెనక్కిపోయే చోటు ఉంటుంది చూడండి, చీలమండ తడిసేంత. కుర్చీ అక్కడ వేయాలి, అంతకంటే ముందుకి కాదు. కాళ్ళు ఇసుకలో కొంచెం దిగుతాయి, నాలుగు కెరటాలకోసారి కుర్చీ జరపాలి. ఒకరు వెనక కుర్చీ పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు చెంబుతో తెచ్చి తల మీద పోయాలి. అమ్మ మొదట "ఇదేం స్నానం, బాత్‌రూమ్‌లో పోసినట్టు" అని సణిగింది. మూడో చెంబుకి కళ్ళు మూసుకుని ఏదో చదువుకోవడం మొదలుపెట్టింది. ఒక పెద్ద కెరటం వచ్చి కుర్చీ ఎత్తేసినంత పని చేస్తే చిన్నపిల్లలా నవ్వింది. కుర్చీలు ఒడ్డున కొట్ల వాళ్ళని అడిగితే ఇస్తారు, ఏ సోడానో టీనో తాగితే చాలు.

నూలు చీర తడిస్తే బరువు. కెరటం వెనక్కి లాగేటప్పుడు కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి, పెద్దవాళ్ళు పడేది ఎక్కువగా అందుకే. తేలికపాటి చీర కట్టమనండి, చీలమండ పైకి. ఇంకో సంగతి ముందే చెప్పి ఉంచండి. కెరటం వెనక్కి పోతున్నప్పుడు కాళ్ళ కింద ఇసుక జారి, నేలే కదిలిపోతున్నట్టు ఉంటుంది. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. మా అమ్మ మొదటిసారి బీపీ పడిపోయిందని కంగారుపడింది. దూరంగా పడవల వైపు చూస్తే ఏం కాదు. స్నానం అయ్యాక ఉప్పు నీళ్ళు ఒంటి మీద ఆరనివ్వకుండా మంచినీళ్ళు పోసి, పొడి బట్టలు కట్టించండి. మాఘం గాలి చల్లగానే ఉంటుంది.

రుషికొండలోనే స్కూబా, బోట్లు నడిపేవాళ్ళున్నారు. స్కూబా నీళ్ళు తేటగా ఉన్న రోజునే. ఆ రోజు కింద ఏమైనా కనబడుతుందా అని డబ్బు కట్టే ముందే అడగండి, పన్నెండేళ్ళ పిల్లాణ్ణి తీసుకెళ్తారో లేదో కూడా. బాబుకి జలుబు ఉంటే మాత్రం ఎంత ఏడ్చినా వద్దు. నీళ్ళ లోపల చెవుల మీద ఒత్తిడి పడుతుంది, ముక్కు మూసుకుపోయి ఉంటే అది సర్దుకోదు, నొప్పి భరించలేడు.

రెండో రోజు పొద్దున్నే భీమిలి రోడ్డు పట్టండి. నన్నడిగితే విశాఖలో చూడవలసింది ఒక బీచ్ కాదు, ఈ రోడ్డు. పాతిక ముప్ఫై కిలోమీటర్లు, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. కారు మాట్లాడుకుంటే ఆగాల్సిన చోట ఆగొచ్చు. కుదరకపోతే సిటీ బస్సులూ ఉన్నాయి.

వీలైనంత పెందలాడే బయల్దేరండి. మంగమారిపేట జాలరి ఊరు. అదృష్టం బాగుంటే అలివి వల లాగడం చూడొచ్చు. పడవలో వెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వల వేసి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. రెండు జట్లు చెరొక తాడూ పట్టుకుని, వెనక్కి వాలి, పాటలాంటి ఒక కేకకి అడుగు కలిపి లాగుతారు. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. వల దగ్గరికొచ్చేసరికి జట్లు రెండూ దగ్గరవుతాయి, పైన కాకులు, గద్దలు మూగుతాయి. చివరి సంచి ఒడ్డుకి పడగానే లోపల వెండి రేకులు పోసినట్టు కవళ్ళు, నెత్తళ్ళు ఎగురుతుంటాయి. ఒక్కోసారి అంత కష్టానికీ బుట్టెడు కూడా రావు. కిందటేడు నేను చూసినప్పుడు సగం జెల్లీ చేపలే. "ఇయ్యాల గంగమ్మకి మన మీద కోపవొచ్చిందమ్మా" అని ఒక ముసలాయన వల దులుపుకుంటూ నవ్వాడు. మీ పాప అడ్డంరాకుండా తాడు చివర పట్టుకుంటానంటే సాధారణంగా కాదనరు. జెల్లీ చేపల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, ఒడ్డున చచ్చి పడి ఉన్నవైనా సరే, మంట పుడుతుంది.

ఆ ఒడ్డునే సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. ఆటు మీద ఉన్నప్పుడు, అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బాగా కనబడుతుంది. రాళ్ళ మీద నాచు ఉంటుంది. దూరం నుంచి చూస్తే చాలు, ఎక్కొద్దు. ఆ పైన కొండ మీదే తొట్లకొండ, రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం. వాననీళ్ళు పట్టడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లే ఆ పేరుకి కారణం. కొండ మీద దాకా రోడ్డుంది కాబట్టి అత్తమ్మగారూ రావచ్చు. అక్కడి నుంచి కిందికి చూస్తే తీరం వంపు మొత్తం కనిపిస్తుంది, పొద్దున మీరు నిలబడిన చోటుతో సహా.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు తగులుతాయి. సముద్రం వేల ఏళ్ళ పాటు ముందుకీ వెనక్కీ జరిగినప్పుడు గాలి ఎగరేసిన ఇసుక కుప్పలు పడి, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడి, వానలకి కోసుకుపోయి ఇలా లోయలయ్యాయి. జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలు చూడగానే జారుడుబండ అనుకుంటారు. ఎక్కనివ్వకండి. ఆ గోడలు మట్టే, ఒక చెయ్యి పడితే ఒక పెళ్ళ ఊడుతుంది. మట్టి కొంచెం సీసాలో తెచ్చుకుందామని పెద్దవాళ్ళకీ అనిపిస్తుంది, అదీ వద్దు. పదింటి తర్వాత అక్కడ ఎండ మాడ్చేస్తుంది, ఓ అరగంట చాలు.

భీమిలికి ఆకలి వేళకి చేరతారు. పాత ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చి వాళ్ళు వర్తకానికి దిగారు, వాళ్ళ సమాధులు సముద్రం దగ్గర్లో ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది. లైట్‌హౌస్ ఉంది. కానీ నేను చూడమనేది గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహలకి, ఈ నదికి ఉన్న బంధం మీ బాబుకి చెప్పండి. ఆ సున్నపురాయిని తొలిచి గుహలు చేసింది ఈ గోస్తనియే. కొండల్లో అంత పని చేసిన నది ఇక్కడికొచ్చేసరికి ఇసుక మేటల మధ్య పిల్లకాలవలా ఒదిగిపోతుంది. చూడ్డానికి నది పక్క నీళ్ళు నిశ్చలంగా, మోకాలి లోతే అన్నట్టు ఉంటాయి. సంగమం దగ్గర మాత్రం దిగొద్దు, కింద ఎటు లాగుతుందో తెలియదు. పాప ఇసుకలో ఆడుకోవడానికి భీమిలి ఒడ్డు బాగుంటుంది, గవ్వలూ దొరుకుతాయి. ప్రాణం ఉన్న పీతని డబ్బాలో పెట్టి కరీంనగర్ తెస్తానంటే ఒప్పుకోకండి.

దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది, అరకు తీసేయమంటున్నాను. రాను పోను రోజంతా ప్రయాణమే, బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులతో కుదరదు. మూడు రోజుల్లో ఒక రోజు దానికిస్తే సముద్రం సగమవుతుంది. అరకు కోసం ఇంకోసారి రండి, కాఫీ పూల కాలంలోనో వలిసెలు పూసినప్పుడో.

ఆర్కే బీచ్‌కి ఏదో ఒక సాయంత్రం చాలు. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉండబట్టి ఆ పేరొచ్చింది. బాబు అడిగిన సబ్‌మెరైన్ అక్కడే ఉంది. ఐఎన్ఎస్ కురుసుర, 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో విరమించింది. 91 మీటర్ల పొడవున్న దాన్ని సముద్రంలోంచి లాక్కొచ్చి ఇసుకలో కూర్చోబెట్టారు. ఎక్కువసేపు పట్టదు లోపల చూడ్డానికి, కానీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అత్తమ్మగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్, పొట్లం చేతికివ్వండి. సోమవారం మూసేస్తారు, చూసుకోండి. ఎదురుగానే నౌకాదళం విమానం, టీయూ 142 మ్యూజియం. రెండూ చూస్తే బాబు రాత్రి భోజనంలో కూడా అవే కబుర్లు చెప్తాడు. ఆదివారం సాయంత్రం అక్కడ ఇసుక కంటే జనం ఎక్కువ. పాప చొక్కా మీద మీ ఫోన్ నంబరు పిన్నుతో పెట్టండి, ఇది అతి అనుకోకండి.

యారాడ విషయంలో మీ వారి ముచ్చట పూర్తిగా కొట్టేయను. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల, మూడు పక్కలా కొండల మధ్య దాక్కున్న ఒడ్డు అది. రోడ్డు కొండెక్కి మలుపు తిరిగేసరికి కింద కొబ్బరి తోటలు, పసుపు ఇసుక, నీలం నీళ్ళు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఆ మలుపు దగ్గరే ఫోటో. ఇంకా చెప్పాలంటే అక్కడే ఆగి చూసి తిరిగొచ్చినా నష్టం లేదు. కిందికి దిగితే ఒడ్డున కూర్చోండి. అక్కడ చాలామంది ప్రాణాలు పోయాయి, అందులో ఈత వచ్చిన కాలేజీ పిల్లలూ ఉన్నారు. చివరి రోజు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఊళ్ళోకి వచ్చేయొచ్చు. ఎండ తగ్గాక టైముంటే కైలాసగిరి, రోప్‌వే ఉంది, కారూ పైదాకా వెళ్తుంది.

రైలు మాట. గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దింపుతుంది. అత్తమ్మగారికి కింది బెర్తు దొరికేట్టు ఇప్పుడే బుక్ చేయండి, మాఘ పౌర్ణమికి రద్దీ ఉంటుంది. బస రుషికొండ వైపు తీసుకుంటే స్నానానికీ, భీమిలికీ దగ్గర. ఊరి సందడి కావాలంటే ఆర్కే బీచ్ వైపు. మీకైతే మొదటిదే. తిండి దగ్గర పెద్దగా చెప్పను. చేపలు తినేవాళ్ళయితే కోనాం ముక్కల పులుసు, చందువా వేపుడు అడగండి, మీవైపు వంజరం అనేదే మాకు కోనాం.

మూడు రోజులు కాదు, రెండే కుదిరి, స్నానం ఒక్కటే ముఖ్యమైతే ఇంత దూరం రావక్కర్లేదు కూడా. వరంగల్ నుంచి చెన్నై వైపు వెళ్ళే రైళ్ళలో బాపట్ల ఆగేవి ఉన్నాయి, అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక. మాఘ పౌర్ణమి తీర్థం అంటే అంతర్వేదిదే పెద్ద పేరు, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట నరసింహస్వామి. కానీ ఆ రోజు అక్కడి జనంలో మీ అత్తమ్మగారు నలిగిపోతారు. శ్రీకాకుళం వైపు కళింగపట్నం, బారువ ఇంకా పల్చగా, నిశ్శబ్దంగా ఉంటాయి. నాకిష్టమైన ఒడ్డులు అవే, మీకు ఇప్పుడు మాత్రం వెళ్ళమని చెప్పను, మీ వారు లిస్టులో పదోది రాసుకుంటారు.

ఒకటి మర్చిపోయాను. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఈ ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్ళు ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడ్చి కాపాడతారు. పొద్దున్నే ఇసుకలో ట్రాక్టర్ టైరు గుర్తులాంటి జాడ సముద్రంలోంచి పైకొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళినట్టు కనిపిస్తే, అది తాబేలు నడిచిన దారి. పాపకి చూపించండి, తవ్వనివ్వకండి.

మీకేం కావాలో ఆలోచించలేదని రాశారు. నాకు తోచింది ఒకటే. విశాఖ నుంచి భీమిలి వెళ్ళేటప్పుడు సముద్రం కుడి పక్కన ఉంటుంది. కారు డ్రైవరు వెనక సీటు, కుడి కిటికీ మీరు తీసుకోండి. అద్దం దించుకోండి, ఫోన్ సంచిలో పడేయండి. పిల్లలు ఆ సీటు మాకంటే మాకని కొట్టుకుంటే, వచ్చేటప్పుడు మీకే అని మాటివ్వండి. వచ్చేటప్పుడు సముద్రం ఎడమ పక్కకి మారుతుందని వాళ్ళకి అప్పుడే చెప్పక్కర్లేదు.